అమెరికా ప్రైమరీల్లో అభ్యర్థి అవకాశాలను అంచనా వేయడం ఎలా?

మన దగ్గర పార్టీ టికెట్ ఎవరిదో అధిష్ఠానం తేలుస్తుంది కాబట్టి, బీ-ఫారం చేతికి అందేదాకా ఊహాగానాలు తప్ప లెక్కకు పెద్దగా చోటుండదు. అమెరికాలో మాత్రం అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీ ఎన్నికల్లో, కాకస్‌లనే స్థానిక పార్టీ సమావేశాల్లో ఓటర్లే నిర్ణయిస్తారు. ఆ ఓట్లను బట్టి అభ్యర్థులకు డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో వారి తరఫున ఓటు వేసే ప్రతినిధులు, దక్కుతారు. డెలిగేట్లలో సగానికి పైగా ఎవరి వెంట ఉంటే పార్టీ జాతీయ మహాసభలో వారే అభ్యర్థి. కాబట్టి అంచనా మొదలుపెట్టేవారు ముందుగా కాగితం పైన రాసుకోవలసింది ఆ మెజారిటీ సంఖ్యనే. 2016లో రిపబ్లికన్లకు మొత్తం 2,472 మంది డెలిగేట్లు ఉండగా 1,237 మంది అవసరమయ్యారు. 2020లో డెమోక్రాట్లకు ప్రైమరీల ద్వారా ఎంపికయ్యే 3,979 మందిలో 1,991 మంది కావలసి వచ్చింది. అభ్యర్థి ఈ సంఖ్యను ఏయే రాష్ట్రాల నుంచి కూడగట్టగలడన్నదే అసలు ప్రశ్న.

చాలామంది ఇక్కడే పొరబడి జాతీయ సర్వేలను పట్టుకుంటారు. దేశమంతా ఒకే రోజు ఓటు వేస్తే ఎవరు గెలుస్తారో ఆ సర్వేలు చెబుతాయి, కానీ ప్రైమరీల్లో అలాంటి రోజంటూ ఉండదు. 2007లో ఏడాది పొడవునా డెమోక్రాట్ల సర్వేల్లో హిల్లరీ క్లింటన్, చాలాకాలం పాటు రిపబ్లికన్ల సర్వేల్లో రూడీ జూలియానీ ముందున్నారు. జూలియానీ తొలి రాష్ట్రాలను దాదాపు వదిలేసి ఫ్లోరిడా మీదే ఆశలు పెట్టుకున్నారు. అక్కడికి చేరేసరికి గాలి మారిపోయింది, మూడో స్థానంతో ఆయన పోటీ ముగిసింది. హిల్లరీ 2008 జనవరిలో అయోవాలో మూడో స్థానంలో నిలిచి, చివరకు బరాక్ ఒబామా చేతిలో ఓడిపోయారు. అందుచేత ముందు ప్రైమరీల తేదీలను వరుసగా రాసుకుని, ఒక్కో తేదీ ఎదుట ఆ రాష్ట్రంలో జరిగిన సర్వేలనే ఉంచుకోవాలి. తొలి రాష్ట్రాల ఫలితాలు తర్వాతి రాష్ట్రాల సర్వేలను రోజుల్లోనే తారుమారు చేస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తరువాతిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఓట్లు డెలిగేట్లుగా మారే నియమం. డెమోక్రాటిక్ పార్టీలో ఓట్ల నిష్పత్తిని బట్టి డెలిగేట్లను పంచుతారు, కానీ రాష్ట్రంలో గానీ, అందులోని కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) నియోజకవర్గంలో గానీ కనీసం 15 శాతం రానివారికి ఆ స్థాయి డెలిగేట్లలో వాటా ఉండదు. 2020లో కాలిఫోర్నియాలో బెర్నీ శాండర్స్‌కు సుమారు 36 శాతం, జో బైడెన్‌కు 28 శాతం ఓట్లు వచ్చాయి. ఎలిజబెత్ వారెన్ 13 శాతం, మైకేల్ బ్లూమ్‌బర్గ్ 12 శాతం దగ్గర ఆగిపోయారు. ఈ చివరి ఇద్దరికీ కలిపి నాలుగో వంతు ఓట్లు పడినా, ఆ రాష్ట్రానికి ఉన్న 415 మంది డెలిగేట్లలో ఇద్దరికీ కలిపి దక్కినవారు 20 మంది కూడా లేరు. సర్వేలో 13 శాతానికీ 16 శాతానికీ ఉన్న తేడా చూడటానికి చిన్నదే అయినా, డెలిగేట్ల లెక్కలో అది సున్నాకూ ఆరో వంతుకూ ఉన్న తేడా కావచ్చు.

రిపబ్లికన్ల నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. కొన్నిచోట్ల మొదటి స్థానంలో నిలిచినవారికే అన్నీ దక్కుతాయి. 2016లో దక్షిణ కరోలైనాలో డొనాల్డ్ ట్రంప్‌కు వచ్చిన ఓట్లు మూడో వంతు కూడా లేవు, అయినా 50 మంది డెలిగేట్లూ ఆయనకే వెళ్లారు. ఫ్లోరిడాలో సగం కంటే తక్కువ ఓట్లతో 99 మందినీ గెలుచుకున్నారు. నిష్పత్తి పద్ధతిలో పెద్ద రాష్ట్రంలో స్వల్ప ఆధిక్యం కంటే చిన్న రాష్ట్రంలో భారీ ఆధిక్యమే ఎక్కువ లాభం కావచ్చు. 2008లో పది లక్షలకు పైగా డెమోక్రాట్లు ఓటు వేసిన న్యూజెర్సీలో గెలిచిన హిల్లరీకి 11 మంది డెలిగేట్ల ఆధిక్యం రాగా, అదే రోజు ఇరవై వేల మందికి కాస్త ఎక్కువగా పాల్గొన్న ఐడహో కాకస్‌లలో ఒబామాకు 12 మంది ఆధిక్యం వచ్చింది.

అభ్యర్థి పేరు బ్యాలెట్ మీద ఉందో లేదో చూసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, 2012లో వర్జీనియా రిపబ్లికన్ బ్యాలెట్ మీద మిట్ రామ్నీ, రాన్ పాల్ పేర్లు తప్ప వేరేవి లేవు. అవసరమైన 10,000 సంతకాలను ఇతరులు చూపలేకపోయారు. వారిలో ఆ రాష్ట్రంలోనే నివసించే న్యూట్ గింగ్రిచ్ కూడా ఉన్నారు.

ఇక ఓట్ల చీలిక. ఒక అభ్యర్థి బలాన్ని అతని శాతంతోనే కొలవకూడదు. అతనికి వ్యతిరేకంగా ఉన్న ఓటు ఎంతమంది మధ్య చీలుతోందో, వారిలో ఎవరు ఎప్పుడు తప్పుకుంటారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2016లో ట్రంప్ ప్రత్యర్థులు చాలాకాలం బరిలోనే ఉండిపోయి ఆయనకు మేలు చేశారు. 2020లో దీనికి భిన్నంగా జరిగింది. అయోవాలో నాలుగో స్థానంలో, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానంలో నిలిచిన బైడెన్ పని అయిపోయిందని అనుకున్నవారు ఆ రెండు రాష్ట్రాల ఓటర్లలో అత్యధికులు శ్వేతజాతీయులేనన్న సంగతినీ, దక్షిణ కరోలైనాలో డెమోక్రాటిక్ ప్రైమరీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతీయులేనన్న సంగతినీ పక్కన పెట్టారు. అక్కడి కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఫిబ్రవరి 26న మద్దతు ప్రకటించడం, 29న బైడెన్ ఘనంగా గెలవడం, ఆ వెంటనే పీట్ బుటిజెజ్, ఏమీ క్లోబుచార్ తప్పుకుని ఆయనను బలపరచడం, మార్చి 3న 14 రాష్ట్రాల్లో పదింటిని ఆయన గెలుచుకోవడం, ఇవన్నీ వారం రోజుల్లోనే జరిగిపోయాయి.

విరాళాల వివరాలు ఫెడరల్ ఎన్నికల సంఘానికి అభ్యర్థులు సమర్పించే నివేదికల్లో దొరుకుతాయి. అందులో మొత్తం వసూళ్ల కంటే చేతిలో మిగిలిన నగదును చూడటం మంచిది, ఎందుకంటే ఖర్చులకు డబ్బు చాలకపోవడం వల్లనే కమలా హారిస్ 2019 డిసెంబరులో, ఒక్క ఓటు కూడా పడకముందే తప్పుకున్నారు. అలాగని డబ్బు గెలుపుకు హామీ కాదు. సొంత సొమ్ము యాభై కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టిన బ్లూమ్‌బర్గ్ గెలిచింది పసిఫిక్‌లో అమెరికా అధీనంలో ఉన్న చిన్న దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే.

ఇన్ని వివరాలనూ ఒక శాతంగా మార్చడానికి షరతులతో కూడిన లెక్క ఉపయోగపడుతుంది. మీ అభ్యర్థి ఒక కీలక రాష్ట్రంలో గెలిచే అవకాశం 40 శాతమనీ, అక్కడ గెలిస్తే అభ్యర్థిత్వం దక్కే అవకాశం 60 శాతమనీ, ఓడితే 5 శాతమేననీ అనుకుందాం. మొదటి దారిలో 24, రెండో దారిలో 3, కలిపి 27 శాతం. ఇలా అందరికీ వేసి కూడితే 100 రావాలి. 130 వస్తే ఎవరి మీదో అభిమానం లెక్కలోకి దూరిందని అర్థం. పందెపు ధరలను, అంటే ఒక్కో అభ్యర్థి గెలుపు మీద పందెం కాసేవారు నూటికి ఇంత అని కట్టే విలువలను, చూసేవారు కూడా ఇదే పని చేయాలి: ధరల మొత్తం 120 అయితే ఒక్కో ధరను 1.2తో భాగించాలి. అప్పుడు కూడా అట్టడుగున ఉన్నవారికి కాస్త ఎక్కువ విలువ కట్టే అలవాటు పందెగాళ్లకు ఉంటుందని గమనించాలి.

అభిమానం మాట వచ్చింది కాబట్టి, డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న బంధువుల వాట్సాప్ గ్రూపును సర్వేగా భావించవద్దని చెప్పాలి. భారతీయ మూలాలున్న వివేక్ రామస్వామి పేరు మనవాళ్ల మధ్య ఎంతగా వినిపించినా, 2024 అయోవా కాకస్‌లలో ఆయనకు 8 శాతం ఓట్లు కూడా రాలేదు, ఆ రాత్రే ఆయన తప్పుకున్నారు. పైగా ఎవరు ఓటు వేయగలరన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సస్‌లో ఓటరు ఏ పార్టీ ప్రైమరీనైనా ఎంచుకోవచ్చు, న్యూజెర్సీలో ఒక పార్టీ కింద నమోదైనవారు అవతలి పార్టీ ప్రైమరీలో ఓటు వేయలేరు.

ప్రతి ప్రైమరీ ముగిశాక వచ్చిన డెలిగేట్లను మెజారిటీ సంఖ్యలోంచి తీసివేసి, మిగిలిన రాష్ట్రాల్లో అభ్యర్థికి ఎంత శాతం కావాలో మళ్లీ లెక్కించుకోవాలి. ఆ శాతం అతను ఇంతవరకు ఏ పెద్ద రాష్ట్రంలోనూ అందుకోని స్థాయికి పెరిగినప్పుడు, ప్రసంగాలు ఎంత ఉత్సాహంగా సాగుతున్నా అవకాశాన్ని తగ్గించి వేసుకోవాలి. లెక్క తేలిపోయిందనిపించినా పూర్తిగా 100 వేయకుండా ఒకటి రెండు శాతం వదిలి ఉంచడం మేలు. 2024లో దాదాపు డెలిగేట్లందరినీ గెలుచుకున్న బైడెన్ జులై 21న పోటీ నుంచి విరమించుకోవడంతో, ఆ ఏడాది ఒక్క ప్రైమరీలోనూ అభ్యర్థిగా నిలబడని కమలా హారిస్‌కు అభ్యర్థిత్వం దక్కింది.