చిన్న గ్రాఫిక్స్ కార్డు వచ్చిందట, మన క్యాబినెట్‌లో పడుతుందా? అట్టముక్కతో తేల్చుకోండి

2025 జనవరి 7, ఉదయం 8 గంటలు. లాస్ వేగాస్‌లో ఇంకా 6వ తేదీ సాయంత్రమే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డును స్టేజీ మీద చూపించింది. ఇక్కడ నా ప్లేట్‌లో దోశ చల్లారిపోయింది. మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల: "రెండు స్లాట్లే అన్నా! రెండే!" స్లాటంటే క్యాబినెట్ వెనక కార్డు బిగించే గాడి. అంతకుముందు వచ్చిన 4090 ఫౌండర్స్ ఎడిషన్ (ఎన్విడియా తన పేరుతో తెచ్చే కార్డు) మూడు స్లాట్లు మింగేది. చిన్న క్యాబినెట్లలో కంప్యూటర్ కట్టుకునే మాలాంటి వాళ్లకు అది షోకేసులో బొమ్మే. ఇప్పుడు అంతకన్నా బలమైన కార్డు 304 మి.మీ. పొడవు, 137 మి.మీ. ఎత్తు, రెండు స్లాట్ల మందంలో వచ్చేసరికి ఎవరి కాళ్లూ నేల మీద లేవు.

ఒళ్లు తగ్గింది సరే, తిండి మాత్రం పెరిగింది. 4090కి 450 వాట్లు, దీనికి 575. ఈ సంగతి గ్రూపులో మాట్లాడుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

అలాంటి ప్రకటన వచ్చిన రోజు చేయాల్సిన పని ఒక్కటే. పర్సు పక్కన పెట్టి కొలిచే టేపు తీయడం.

క్యాబినెట్ కొలవడం (ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి)

అందరూ పొడవు అడుగుతారు. నేనూ పొడవే అడిగి దెబ్బతిన్నాను. "పడ్తది అన్నా, ఏం గాదు, ఇంకా మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉంటది" అన్నాడు షాపతను. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఇంటికొచ్చి బిగించాక సైడ్ గ్లాస్ మూసుకోలేదు. కార్డు ఎత్తు సరిపోయింది కానీ, దాని నెత్తిన గుచ్చే పవర్ కేబుల్ గ్లాస్‌కు తన్నింది. ఆ వేసవంతా గ్లాస్ లేకుండానే నడిపాను. ఒకరోజు లోపల కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ డబ్బా మీద బల్లి పడుకుని కనిపించింది. అమ్మ అప్పటిదాకా ఏమీ అనలేదు, ఆ రోజు మాత్రం "దానికి మూతన్నా పెట్టు, లేదా బయటన్నా పారెయ్" అంది.

అందుకే కొలిచేటప్పుడు మూడు కొలతలూ చూడాలి. పొడవు: వెనక రేకు నుంచి ముందు ఫ్యాన్ దాకా. ముందు ఫ్యాన్ ఉంటే 25 మి.మీ. అప్పుడే పోయినట్టు, నీళ్లతో చల్లబరిచే రేడియేటర్ కూడా ఉంటే దాని మందం అదనం. ఎత్తు: కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ నుంచి సైడ్ ప్యానెల్ దాకా. ఇందులో కేబుల్ వంపు కూడా కలపాలి. కొత్త 16 పిన్నుల పవర్ కేబుల్‌ను ప్లగ్ మొదట్లోనే మడవకుండా 35 మి.మీ. వరకు నేరుగా వదలమని జాగ్రత్త చెబుతారు. మొదట్లోనే మడిస్తే పిన్ను సరిగ్గా కూర్చోక వేడెక్కుతుంది. మందం: ఒక స్లాట్ అంటే 20.32 మి.మీ. రెండున్నర స్లాట్లు అంటే సుమారు 50.

ఇప్పుడు అట్టముక్క. ఆన్‌లైన్ ఆర్డర్‌తో వచ్చిన పార్సిల్ డబ్బా ఒకటి తీసుకోండి. 2024లో ఎన్విడియా చిన్న క్యాబినెట్లకు సరిపడే కార్డులకు ఒక కొలత పెట్టింది: పొడవు 304, ఎత్తు 151, మందం 50 మి.మీ. లోపు. ఆ 151లో కేబుల్ వంపు కూడా కలిసే ఉంది. సరిగ్గా ఆ కొలతకు అట్ట కోసి, బ్రౌన్ టేపుతో పెట్టెలా అంటించండి. క్యాబినెట్ వెనక ఖాళీ స్లాట్‌ను మూసే సన్నటి రేకు ఉంటుంది కదా, దాన్ని విప్పి పెట్టె చివర అతికించండి. అసలు కార్డు బిగినట్టే రేకు స్క్రూ దగ్గర కూర్చుంటుంది, కాబట్టి అట్ట అటూ ఇటూ జారి మనల్ని మోసం చేయదు. ఇక లోపలికి దించండి. దిగాక కాదు, దించేటప్పుడు చూడండి. చిన్న క్యాబినెట్‌లో చాలాసార్లు కార్డుకు చోటుంటుంది, ఆ చోటికి చేరే దారి ఉండదు. ఫ్యాన్ విప్పాల్సి వస్తుందా, ఎస్ఎంపీఎస్ కేబుళ్లు అడ్డొస్తున్నాయా, అక్కడే తెలిసిపోతుంది. చివర్లో సైడ్ ప్యానెల్ మూయండి. అట్ట నలిగితే ఆ కొలత కార్డు పట్టదని అర్థం. అంచులు కొద్దికొద్దిగా కోస్తూ సరిగ్గా పట్టేదాకా తగ్గించి, చివరి కొలతను పెన్నుతో అట్ట మీదే రాసేయండి. నా అట్ట మీద 290, 140, 44 అని ఉంది. షాపుకు వెళ్లినా అదే చంకలో పెట్టుకుని వెళ్తాను. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో నన్ను చూసి నవ్వారు. నవ్వనీ.

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సన్నటి డెస్క్‌టాప్‌లు ఉన్నవాళ్ల లెక్క వేరు. వాటిలో వెనక రేకు ఎత్తే సుమారు 8 సెం.మీ., కాబట్టి ఎత్తు తక్కువుండే లో ప్రొఫైల్ కార్డులు తప్ప ఇంకేవీ దూరవు. అక్కడ కరెంటు కూడా చూడాలి. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4000 ఎస్ఎఫ్ఎఫ్ ఏడా 70 వాట్లలోనే 20 జీబీ మెమరీతో నడుస్తుంది, విడిగా కేబుల్ అక్కర్లేదు. ధర చూస్తే మాత్రం ఇది గేమ్స్ ఆడేవాళ్ల కోసం కాదని తెలిసిపోతుంది.

స్టేజీ మీద చెప్పిన మాటను విడదీయడం

అదే ఉదయం ఇంకో మాట విన్నాం: 549 డాలర్లకే వచ్చే చిన్న తమ్ముడు 5070లో 4090 పనితనం. గ్రూపులో ఒకడు తన 4090ని అప్పుడే అమ్మకానికి పెట్టాడు, పాపం. ఎన్విడియా సాఫ్ట్‌వేర్ డీఎల్ఎస్ఎస్ 4 అసలు ఫ్రేముల మధ్యలో ఏఐతో పుట్టించే ఫ్రేములను కూడా లెక్కేసి చెప్పిన మాట అది. లెక్కలు చేసే కోర్లు చూస్తే 5070లో 6,144, 4090లో 16,384. మెమరీ చూస్తే 12 జీబీ, 24 జీబీ. మార్చిలో కార్డులు చేతికొచ్చి రివ్యూలు వచ్చేసరికి ఆ రెండూ ఒక మెట్టు మీద లేవని తేలిపోయింది. స్లైడ్‌లో రెండు కార్డులను పోల్చే గ్రాఫ్ కడ్డీలు కనబడితే కింద చిన్న అక్షరాల్లో ఏ సెట్టింగ్ రాశారో చదవండి. రాయకపోతే ఆ కడ్డీని పట్టించుకోకండి.

ధర

చిన్నదైతే చవక అనుకోవద్దు. 2015లో ఎన్విడియా పోటీదారు ఏఎండీ ఆర్9 నానో తెచ్చింది. 152 మి.మీ. పొడవు, 175 వాట్లు, మెమరీ చిప్పులు జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్పు) పక్కనే ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండటంతో బోర్డు అంత పొట్టిగా కుదిరింది. ముద్దొచ్చే కార్డు. కానీ 649 డాలర్లు, పెద్దన్న ఫ్యూరీ ఎక్స్‌తో సమానం. మరుసటి జనవరికే 499కి దించారు. మొదటి వారంలో ఎగబడ్డవాళ్లు ఆ 150 డాలర్లను ఇప్పటికీ తలుచుకుంటారు.

అమెరికా ధరలో అక్కడి పన్ను ఉండదు. మన దగ్గర 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. 5070 ధర 549 డాలర్లను అప్పటి డాలర్ రేటు 86తో గుణిస్తే 47 వేల చిల్లర, పన్నుతో 55,700. అప్పుడు మనకు ప్రకటించిన ధర 59,000. షాపులో ఇంకా పైన చెప్పేవారు. అమెరికా నుంచి వచ్చే బావమరిది సూట్‌కేసులో తెప్పించుకోవాలనే ఆలోచన అందరికీ వస్తుంది. వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని కంపెనీకి ముందే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

కరెంటు, వేడి

5070కి 650 వాట్ల ఎస్ఎంపీఎస్ చాలంటారు, 5080కి 850, 5090కి 1000. చిన్న క్యాబినెట్‌కు ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజుదే కావాలి, ఆ ఖర్చు కార్డు ధరకే కలిపి చూసుకోండి.

వేడి ఎటు పోతుందో కూడా చూడండి. 5090 ఫౌండర్స్‌లో అసలు బోర్డు మధ్యలో చిన్నగా ఉంటుంది, రెండు ఫ్యాన్ల గాలీ కార్డులోంచి దూసుకుని అవతలికి పోతుంది. అంత సన్నగా కుదరడానికి కారణం అదే. అవతల జాలీ ఉంటే బాగుంటుంది. మదర్‌బోర్డు ఒక పక్క, కార్డు ఇంకో పక్క ఉండే శాండ్‌విచ్ క్యాబినెట్లలో మాత్రం ఆ వేడిగాలి మధ్య గోడకు తగిలి అక్కడే తిరుగుతుంది. ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఉంటే, దానిలో సగానికి మించిన వేడి గంటలకొద్దీ టేబుల్ మీద ఉన్నట్టు లెక్క. మే నెలలో, పై అంతస్తులో, ఏసీ లేని గదిలో ఊహించుకోండి.

బిగించాక

కార్డును మదర్‌బోర్డుకు దూరంగా పెట్టి కలిపే రైజర్ కేబుల్ వాడితే మొదటిసారి స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు. కంగారుపడి కార్డు వాపస్ ఇవ్వకండి. పాత కేబుల్ కొత్త కార్డు వేగాన్ని మోయలేక అలా అవుతుంది. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే మానిటర్‌ను మదర్‌బోర్డుకు తగిలించి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల తెర) కార్డు గుచ్చే పీసీఐఈ స్లాట్ వేగాన్ని ఆటో నుంచి తీసి, కేబుల్ మీద రాసిన జెన్ 3కో జెన్ 4కో పెట్టండి.

తర్వాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ స్లైడర్‌ను 80 శాతానికి లాగండి. ఫ్రేములు కాస్త తగ్గుతాయి, ఆడేటప్పుడు నాకైతే తేడా తెలియలేదు, ఫ్యాన్ గోల తగ్గింది మాత్రం బాగా తెలిసింది. సైడ్ ప్యానెల్ మూసి, మీరు ఆడే వాటిలో బరువైన గేమ్ అరగంట నడిపి, టెంపరేచర్ రాసుకోండి. మూయకుండా చూసిన నంబరు దేనికీ పనికిరాదు. అదే పరీక్ష మళ్లీ మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, కరెంటు ఉంటే చేయండి.