ప్రొజెస్టెరాన్ మొదలైన గంట రాసి పెట్టుకోండి

ఫ్రీజ్ చేసిన పిండాన్ని గర్భాశయంలోకి పంపే ముందు అందరి చూపూ స్కాన్‌లో లోపలి పొర మందం మీదే ఉంటుంది. మందం కావాలి, నిజమే. కానీ పిండం అతుక్కోవాలంటే ఆ పొరలోని కొన్ని జన్యువులు వేళకు మేల్కోవాలి. ఆ వేళను నిర్ణయించేది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్.

మందులతో పొరను సిద్ధం చేసే పద్ధతిలో నెలసరి రెండో, మూడో రోజున ఎస్ట్రడయాల్ వాలరేట్ (ఈస్ట్రోజన్ హార్మోన్ మందు) మొదలుపెడతారు. మామూలుగా 2 మి.గ్రా. మాత్ర రోజుకు మూడు చొప్పున, 10 నుంచి 14 రోజులు. పొర పెరిగేదీ, కణాల్లో ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు (ఆ హార్మోన్‌ను పట్టుకునే ప్రోటీన్లు) తయారయ్యేదీ ఈ రోజుల్లోనే. అందుకే తొందరపడకూడదు. పొర 7 మి.మీ. దాటి, స్కాన్‌లో మూడు గీతలు స్పష్టంగా కనిపిస్తే ముందుకు వెళ్లవచ్చు.

ఇక్కడి నుంచి లెక్క గంటల్లో. ప్రొజెస్టెరాన్‌ను యోనిలో పెట్టుకునే 400 మి.గ్రా. మందుగా రోజుకు రెండుసార్లు ఇవ్వడం మామూలు. మొదటి మోతాదు నుంచి ఐదు పూర్తి రోజులు, అంటే సుమారు 120 గంటలు గడిచాక బ్లాస్టోసిస్ట్‌ను (ఐదారు రోజులు పెరిగిన పిండాన్ని) పంపుతారు. ఈలోగా హాక్స్‌ఏ10, ఎల్ఐఎఫ్ వంటి జన్యువులు చురుకవుతాయి, పైపొర కణాల్లో ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు తగ్గుతాయి. ఎల్ఐఎఫ్ లేని ఎలుకల్లో పిండాలు ఏర్పడినా అతుక్కోలేదని 1992లోనే తేలింది. అవే పిండాలు మామూలు ఎలుకల గర్భంలో అతుక్కున్నాయి! తప్పు పిండానిది కాదన్నమాట.

మొదటి మోతాదు రాత్రి బదులు మర్నాడు ఉదయం వేసుకుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, పంపే సమయం జరపవచ్చు. పిండాన్ని పంపే (ట్రాన్స్‌ఫర్) సమయం దగ్గర రక్తంలో ప్రొజెస్టెరాన్ 10 నానోగ్రాములు/మి.లీ. కంటే తక్కువుంటే చాలామంది డాక్టర్లు ఇంజెక్షన్ జోడిస్తారు. ఫాలోపియన్ ట్యూబులో నీరు చేరితే ముందు దాని సంగతి చూడాలి. ఆ నీరు గర్భాశయంలోకి కారుతుంటే హాక్స్‌ఏ10 తగ్గుతుంది, ట్యూబు తీసేశాక మళ్లీ పెరుగుతుంది. గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ ఈ జన్యువే మందగిస్తుంది, అయితే అక్కడ దాని డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు (జన్యువును అణచే రసాయన గుర్తులు) పడటం ఒక కారణం.

ఇక ఈఆర్ఏ పరీక్ష. పొర ముక్క తీసి రెండు వందలకు పైగా జన్యువులు చూసి, పిండం పంపాల్సిన గంట చెబుతామంటారు. 2022లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో దాని ప్రకారం వేళ మార్చినా కాన్పులు పెరగలేదు. మొదటి ప్రయత్నానికే ఇది రాస్తే ఎందుకని అడగండి.

కాస్త రక్తం కనిపించిందని మందులు మానకండి. ఈ పద్ధతిలో అండం విడుదల కాదు కాబట్టి ప్రొజెస్టెరాన్ బయటి నుంచే అందాలి. గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష బీటా హెచ్‌సీజీ పాజిటివ్ వస్తే మాయ (ప్లాసెంటా) ఆ పని అందుకునేవరకూ, సుమారు 10-12 వారాల దాకా కొనసాగిస్తారు.