రొట్టె పిండి పడ్డ గ్యాస్ పొయ్యి బాగు చేసుకునుడు

మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఇంటింటికి తిరిగి గ్యాస్ పొయ్యిలు బాగు చేస్త. మంట సరిగ్గ వస్తలేదని పిలిచేటోళ్లు ఎక్కువ జొన్న రొట్టె చేసేటోళ్లే. రొట్టె పెంక మీద ఏసేటప్పుడు రాలిన పొడిపిండి బర్నర్ రంధ్రాలల్ల మాడి గట్టి పడతది. దాని మీద పప్పు పొంగితే ఇగ సిమెంటు లెక్క అయితది.

మంట నీలంగ ఉండాలె. పసుపుగ లేసి గిన్నె అడుగు మసి పడితే గ్యాసుకు గాలి సాలుతలేదన్నట్టు. జడ్చర్లల ఒక అవ్వకు బర్నర్లు కొత్తయి కొనాలని ఎవరో చెప్పిండ్రట. నేను పొయ్యి తిప్పి చూస్తే, జెట్ (గ్యాస్ వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) పక్కన గాలి పోయే సందుల పిండి, నూనె జిడ్డు కలిసి ముద్దయి ఉన్నది. పుల్లతో గీకితే ఊడొచ్చింది. మంట నీలం తిరిగింది. పైసలు పెట్టే ముందు ఆ సందు చూడండి, అవ్వలారా, అక్కలారా.

కడిగేముందు రెగ్యులేటర్ బంద్ చేసి, పొయ్యి సల్లారనియ్యాలె. ఇత్తడి బర్నర్ అయితే చింతపండు కలిపిన వేడినీళ్లల్ల అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. వేరేదైతే సబ్బునీళ్లు సాలు. ఒక్కో రంధ్రం సూదితో తీయాలె. తర్వాత ఎండల పెట్టి పూర్తిగ ఆరినంకనే బిగించాలె. తడి ఉంటే మంట చిటపటమంటది. బర్నర్ వంకర కూసున్నా ఒకదిక్కే మండుతది.

ఒక్క పొయ్యే సన్నగ మండితే దాని జెట్ మూసుకపోయినట్టు. సన్నటి తీగతో మెల్లగ తీయాలె, రంధ్రం మాత్రం పెద్దగ చెయ్యొద్దు. పెద్దగైతే గ్యాస్ ఎక్కువ వచ్చి మళ్ల మసే. రెండు పొయ్యిలూ సన్నగైతే పైపు మడత పడ్డదా, గ్యాస్ బండ (సిలిండర్) ఐపోవచ్చిందా చూడండి. నాబ్ గట్టిగైతే వంటనూనె పొయ్యకండి, లోపల గ్రీజు మార్చాలె. అది మెకానిక్ పని.

వాసన వస్తే మాత్రం పొయ్యి మీద చెయ్యి పెట్టుడు బంద్. నాబులు, రెగ్యులేటర్ బంద్ చేసి తలుపులు, కిటికీలు తెరవండి. గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగ నిలుస్తది. లైటు, ఫ్యాను స్విచ్ వెయ్యొద్దు, ఆర్పొద్దు. బయటికొచ్చి గ్యాస్ లీకు నంబర్ 1906కు ఫోన్ చెయ్యండి. కొత్త పైపు ఏసుకున్నప్పుడు అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి, బుడగలొస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసేటోళ్లను నేను కళ్లారా చూసిన, దయచేసి ఆ పని చెయ్యకండి. రబ్బరు పైపు 5 ఏండ్లకు మించి ఉంచొద్దు.

కొత్త బండ రాంగనే మూత తీసి లోపలికి తొంగి చూడండి. నల్ల రబ్బరు రింగు కనపడాలె. లేకున్నా, పగిలినా రెగ్యులేటర్ పెట్టంగనే సుయ్యిమంటది. బండ తెచ్చిన తమ్ముడు గల్మ దాటకముందే అది మార్పించుకోండి.