సైన్సు కోసం సూపర్‌కంప్యూటర్, ఏఐ – 4వ పాఠం: వరదను ముక్కలుగా పంచడం

కిందటి పాఠంలో ఒక్క ప్రాసెసర్ మీద నడిచే వరద ప్రోగ్రామ్ రాశాం. గోదావరి మీద ధవళేశ్వరం దిగువన పొడవూ వెడల్పూ 100 కిలోమీటర్లు ఉన్న చదరాన్ని 100 మీటర్ల గడులుగా కోస్తే 10 లక్షల గడులు వచ్చాయి.

10 మీటర్ల లోతు నీళ్లలో అల సెకనుకు దాదాపు 10 మీటర్లు పోతుంది. ఒక టైమ్ స్టెప్‌లో (ప్రోగ్రామ్ ఒక్కసారికి ముందుకు జరిపే కాలం) అల గడి దాటిపోతే లెక్క పేలిపోతుంది, అంటే విలువలు అదుపు తప్పి పెరిగిపోతాయి కాబట్టి స్టెప్ 10 సెకన్లకు మించకూడదు. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లో చెప్పిన షరతు ఇదే. (ప్రవాహ వేగాన్నీ కలిపితే స్టెప్ ఇంకా చిన్నదవుతుంది. ప్రస్తుతానికి వదిలేద్దాం.) రోజుకు 8,640 స్టెప్పులు. లంకల చుట్టూ ఉన్న గట్లు కనపడాలని గడిని 50 మీటర్లకు తగ్గిస్తే గడులు నాలుగింతలు, స్టెప్పులు రెండింతలు, మొత్తం పని ఎనిమిదింతలు.

సరే, 100 ప్రాసెసర్లకు పంచుదాం. 100 మీటర్ల గడులతోనే. అడ్డంగా పట్టీలుగా కోస్తే ఒక్కొక్కరికి 10 వరసలు, 10,000 గడులు. చతురస్రాలుగా కోసినా అంతే: 100 బై 100. కానీ నీళ్లు గట్టు దాటి పక్క చేలోకి పోయినట్టే ఇక్కడా పోతాయి, అందుకని ప్రతి స్టెప్పుకూ పక్కవాళ్ల అంచు గడుల విలువలు తెచ్చుకోవాలి. పట్టీకి 2,000 అంచు గడులు, చతురస్రానికి 400. పని సమానమే, తెచ్చుకునే బరువు మాత్రం ఐదింతలు తేడా. అదే 10,000 ప్రాసెసర్లకు పంచితే 100 గడుల పని కోసం 40 తెచ్చుకోవాలి. అప్పుడు లెక్క కంటే ఎదురుచూపే ఎక్కువ.

ఈ విలువలు ఇచ్చిపుచ్చుకోవడానికి ప్రాసెసర్లు సందేశాలు పంపుకునే పద్ధతి ఎంపీఐ. అందులో పక్కపక్క ప్రాసెసర్లు రెండూ ముందు ‘సెండ్’ పిలిచి, తర్వాత ‘రిసీవ్’ పిలిస్తే ఏమవుతుందో చూడండి. చిన్న గ్రిడ్ మీద చక్కగా నడుస్తుంది, ఎందుకంటే చిన్న సందేశాలు బఫర్‌లో (తాత్కాలికంగా దాచే చోటులో) సర్దుకుంటాయి. పెద్ద గ్రిడ్ ఇవ్వగానే ప్రోగ్రామ్ గుడ్లప్పగించి కూర్చుంటుంది. ఎర్రర్ కూడా రాదు. మొదటినుంచీ ‘సెండ్‌రిసీవ్’ వాడండి.

ఇక ఏఐ. ఈ వరద ప్రోగ్రామ్‌ను కొన్ని వందల సార్లు నడిపి, వచ్చిన ఫలితాల మీద న్యూరల్ నెట్‌వర్క్‌కు (ఉదాహరణల నుంచి నేర్చుకునే ఏఐ ప్రోగ్రామ్‌కు) శిక్షణ ఇస్తే అది జవాబు సెకన్లలో చెబుతుంది. వాతావరణంలో ఇది జరిగింది కూడా. 2023లో వచ్చిన గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ పది రోజుల వాతావరణ అంచనాను నిమిషం లోపే ఇచ్చింది. అయితే అది నేర్చుకున్న దశాబ్దాల డేటాను తయారు చేసింది మళ్లీ సూపర్‌కంప్యూటర్లే. అందుకే ఈ రంగంలోకి రావాలనుకుంటే ఒక్క ఏఐ కోర్సుతో సరిపెట్టుకోవద్దంటాను.

మన నది దగ్గర ఇంకో చిక్కుంది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకు ఎగరేస్తారు. 1986 ఆగస్టులో వచ్చింది దాదాపు 35 లక్షలు. 17 లక్షల దాకానే చూసిన నెట్‌వర్క్‌ను 35 లక్షలకు అడిగితే తడుముకోకుండా ఏదో ఒకటి చెబుతుంది. పటం అందంగానే ఉంటుంది. ఆ తప్పును పట్టుకోవడానికి నీటి ఖాతా రాయాలి: వచ్చింది, పోయింది, నిలిచింది.

అభ్యాసం: 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 28,300 ఘనపు మీటర్లు. అది గంటసేపు బయటికి పోకుండా 100 చదరపు కిలోమీటర్ల మీద నిలిస్తే లోతు ఎంత? సుమారు ఒక మీటరు రావాలి. ఇదే తనిఖీని మీ ప్రోగ్రామ్‌లో ప్రతి వంద స్టెప్పులకు ఒకసారి పెట్టి, ఒక ప్రాసెసర్‌తోనూ నాలుగింటితోనూ నడిపి చూడండి. రెండు ఖాతాలూ కలవకపోతే ముందు అంచు గడులను అనుమానించండి. 5వ పాఠంలో శిక్షణ డేటా సిద్ధం చేద్దాం.