జనవరి 24 ప్రత్యేకతలు బోర్డు మీద రాసే ముందు

బడి నోటీసు బోర్డు మీద ‘నేటి ప్రత్యేకత’ రాసేవారికి జనవరి 24 చిక్కైన తేదీ. అంతర్జాతీయ దినాలు, కేంద్రం పాటించే దినం, ఒక రాష్ట్ర దినం, రాజ్యాంగ సభ చివరి ఘట్టం, ఒక వర్ధంతి అన్నీ అదే రోజు వస్తాయి. ముందు కాగితం మీద నాలుగు గడులు గీయండి: పేరు, ప్రకటించినవారు, సంవత్సరం, ఆ తేదీనే ఎందుకు. మొదటి మూడు గడులు నిండని దినాన్ని బోర్డెక్కించకండి.

అంతర్జాతీయ విద్యా దినోత్సవానికి గడులు తేలిగ్గా నిండుతాయి. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2018 డిసెంబర్ 3న 73/25 తీర్మానంతో ప్రకటించింది, 2019లో తొలిసారి జరిగింది. మన జాతీయ విద్యా దినోత్సవం వేరు. అది మౌలానా ఆజాద్ జయంతి, నవంబర్ 11. ఆఫ్రికన్, ఆఫ్రో సంతతి సంస్కృతి ప్రపంచ దినాన్ని 2019లో యునెస్కో ప్రకటించింది. ఆఫ్రికా సాంస్కృతిక పునరుజ్జీవన పత్రాన్ని 2006 జనవరి 24న ఆమోదించారు కాబట్టి ఆ తేదీ.

జాతీయ బాలికా దినోత్సవాన్ని 2008లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ మొదలుపెట్టింది. అక్టోబర్ 11న వచ్చే అంతర్జాతీయ బాలికా దినోత్సవంతో దీన్ని కలిపేయడం ఏటా కనిపించే తప్పు. 1966లో ఇందిరా గాంధీ ఇదే తేదీన ప్రధానిగా ప్రమాణం చేశారు. అయితే ‘అందుకే బాలికా దినోత్సవం’ అని రాయాలంటే ప్రభుత్వ పత్రంలో ఆ మాట చూసి ఉండాలి. లేకపోతే రెండూ వేర్వేరు వాక్యాలుగానే ఉండనివ్వండి.

అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది 1950 జనవరి 24 గురించి. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న, అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. ఈ రెండిటి నడుమ, జనవరి 24న, 284 మంది సభ్యులు దానిపై సంతకాలు చేశారు. రాజేంద్ర ప్రసాద్ రాష్ట్రపతిగా ఎన్నికైందీ ఆ రోజే. జాతీయ గీతం విషయంలో ‘సభ తీర్మానించింది’ అని రాస్తుంటారు, అది సరికాదు. సభాధ్యక్షుడిగా రాజేంద్ర ప్రసాద్ చేసిన ప్రకటనతోనే ‘జనగణమన’ జాతీయ గీతమైంది. ‘వందేమాతరం’కూ సమాన గౌరవం ఉంటుందని అందులోనే చెప్పారు. ‘తొలిసారి పాడిన రోజు’ అనీ రాయకండి. అది 1911 డిసెంబర్ 27, కలకత్తా కాంగ్రెస్ సమావేశాల్లో.

సంయుక్త రాష్ట్రాల (యునైటెడ్ ప్రావిన్సెస్) పేరు ఉత్తరప్రదేశ్‌గా మారిందీ 1950లో ఇదే రోజున. కనుక యూపీ దినోత్సవాన్ని రాష్ట్ర దినంగానే చూపాలి, జాతీయం కింద వేయకూడదు.

లెక్క దగ్గరే ఎక్కువ మంది జారిపోతారు. ఏటా జరిపే దినమైతే మొదటి ఏడాదినీ కలపాలి: 2026లో విద్యా దినోత్సవం ఎనిమిదోది, ఎందుకంటే 2019లోదే ఒకటోది. సంఘటనకు నిండిన ఏళ్లు చెప్పేటప్పుడు నేరుగా తీసివేయాలి: 1950 నుంచి 2026కి 76 ఏళ్లు. విద్యా దినోత్సవ ఇతివృత్తం ఏటా మారుతుంది. యునెస్కో ఆ ఏటి ప్రకటన చూడకుండా నిరుటిది దించితే, బోర్డు చదివిన పిల్లలు దాన్నే వ్యాసంలో రాస్తారు.

ఇంటర్నెట్ జాబితాల్లో ఇదే తేదీకి తినుబండారాల దినాలు, పొగడ్తల దినాలు కూడా దొరుకుతాయి. ప్రకటించినవారి గడి ఖాళీగా ఉంటే వదిలేయండి.

రాసేటప్పుడు ఒక్క అంశానికి మూడు నాలుగు వాక్యాలివ్వండి, మిగిలినవి ఒక్కో వాక్యం చాలు. అన్నిటికీ సమానంగా చోటిస్తే పిల్లలకు ఏదీ గుర్తుండదు. మా ఓటు రాజ్యాంగ సంతకాలకే. పైన ‘శుభాకాంక్షలు’ అని పెద్దక్షరాల్లో పెట్టకండి: 1966లో మాంట్ బ్లాంక్ విమాన ప్రమాదంలో హోమీ భాభా మరణించిన రోజూ ఇదే. ఆ వాక్యాన్ని కింద, విడిగా, వర్ధంతి అని రాయాలి.

2027లో జనవరి 24 ఆదివారం. సోమవారానికి జరపొద్దు, 25న జాతీయ ఓటర్ల దినోత్సవం ఉంది. 23 శనివారం నేతాజీ జయంతి. ఆ రోజు బోర్డును రెండుగా గీసి, కుడివైపు ‘రేపు’ అని తేదీ వేసి రాయండి.