పాత గిటార్ అమ్మేముందు లోపాలకు ఫోటోలు

పాత ఎలక్ట్రిక్ గిటార్ చూడటానికి వచ్చినవారు చిన్న సొట్ట కనబడగానే ధర తెగ్గోస్తారు. 1980ల నాటి నా జపాన్ స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ మోడల్)ను ఇద్దరు అలాగే వదిలి వెళ్లారు. మూడో వ్యక్తికి లోపాలన్నిటి ఫోటోలు నేనే ముందుగా పంపాను. ఇంటికొచ్చాక బేరమే ఆడలేదు.

గిటార్‌ను కిటికీ పక్కన పడుకోబెట్టి, ఏటవాలు వెలుతురులో ప్రతి సొట్ట పక్కనా పది రూపాయల నాణెం పెట్టి ఫోటో తీయండి. నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు కనుక సొట్ట ఎంతో కొనేవారికే తెలుస్తుంది. శబ్దం పెంచి తగ్గించే నాబ్ తిప్పితే గరగరలాడుతుంటే లోపలికి కాంటాక్ట్ క్లీనర్ (విద్యుత్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే) ఒక్కసారి కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి 30 సార్లు తిప్పండి. నాది అంతటితోనే నిశ్శబ్దమైంది. రంగు ఊడిన చోట మాత్రం దయచేసి కొత్త రంగు పూయకండి. పాతవి కోరుకునేవారు అసలు రంగుకే విలువ ఇస్తారు. మార్చేసిన పాత భాగాలు ఉంటే ఒక కవరులో వేసి గిటార్‌తోనే ఇవ్వండి.

మెడ తలభాగాన్ని కలిసే చోట పగులుంటే ఈ పద్ధతి పనిచేయదు. అది చిన్న లోపం కాదు, ముందు మరమ్మతు చేసేవారికి చూపించాలి.