కథల కానుకలకు పేర్లు తీసుకునే ముందు జాగ్రత్తలు

విజయనగరంలో సైన్స్ ఫిక్షన్ ఇష్టపడే నలుగురు కలిసి, అందులోని ఆడపాత్రల మీద ఫ్యాన్ ఫిక్షన్ (వేరేవాళ్ల పాత్రలతో అభిమానులు రాసుకునే కొత్త కథలు) రాసి ఒకరికొకరు ఇచ్చుకోవాలనుకుంటే, ముందు ఇవి చూసుకోండి.

– ఏ పాత్రలు లెక్కలోకి వస్తాయో తేల్చండి. 1979 నాటి ‘ఏలియన్’ సినిమాలోని నాయిక రిప్లీ ఎలాగూ ఉంటుంది. 1905లో మద్రాసు పత్రికలో అచ్చయిన బేగం రొకేయా కథ ‘సుల్తానాస్ డ్రీమ్’లోని సిస్టర్ సారా కూడా ఉండాలని నా పట్టు. ఆమె మన దేశపు పాత్ర, మనవాళ్లే మర్చిపోతే ఎలా?

– ఆడపాత్ర హీరో వెనకాల కనిపించి వెళ్లిపోతే కుదరదు, కథ ఆమెదే కావాలి. ఇది మొదటి నిబంధనగా రాయండి.

– ఫారంలో మూడు గడులు పెట్టండి: ఏం కావాలి, ఏం రాయగలరు, ఏం వద్దు. మూడోదే ముఖ్యం. ‘బిడ్డ చనిపోయే కథ వద్దు’ అని ఎవరైనా రాస్తే కారణం అడగకండి. ఆ మాట వాళ్ల కోసం కథ రాసేవాళ్లకు అందిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

– జత కలిపేటప్పుడు ఒకరు అడిగిన పాత్రల్లో కనీసం ఒకటి రెండోవాళ్లు రాయగలిగినదై ఉండాలి. అందుకే ఒక్క పాత్ర పేరే ఇచ్చినవాళ్లను చేర్చుకోవద్దు.

– డబ్బు వసూలు వద్దు. పాత్రలు వేరేవాళ్లవి.

– దసరా తర్వాతి మంగళవారం దగ్గర గడువు పెట్టకండి. సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలుంటారు, ఎవరు రాస్తారు?

– చివర్లో చేతులెత్తేసేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల బదులు వారంలో రాసిచ్చే ఇద్దరి దగ్గర ఇప్పుడే మాట తీసుకోండి.